శస్త్రమునకు ముందు గణితము



వైద్యమును చదివినవారును, యంత్రశాస్త్రమును చదివినవారును ఒక్క పందిటిలో పట్టము లందుకొనుచున్న ఈ శుభవేళ, మీ యుభయుల విద్యయు కలిసికొను ఒక తావును చూపెదను. కొందరు పిల్లలకు ప్రక్కటెముకలను రొమ్మెముకతో కలుపు మృదులాస్థులు వికృతముగా పెరుగుటచే, రొమ్మెముక లోనికి క్రుంగి ఎదనడుమ దొన్నెవంటి గుంట యేర్పడును. అట్టి బాలుడు పదిమందిలో చొక్కా విప్పుటకు సిగ్గుపడును; గుంట లోతైనచో గుండె ఎడమకు ఒత్తిగిలును, పరుగెత్తినప్పు డాయాసము కలుగును.

ఈ గుంటను సరిచేయుటకు 1949లో రావిచ్ అను శస్త్రవైద్యుడు ప్రకటించిన చికిత్సయందు ఆ మృదులాస్థులను కోసి తీయవలసియుండెను. 1987లో అమెరికాయందలి నార్ఫోక్ నగరమున డోనాల్డ్ నస్ అను శస్త్రవైద్యుడు, లేతవయసున మృదులాస్థి వంగునను సామాన్యసత్యమును నమ్మి, విల్లువలె వంచిన లోహపుపట్టీని రొమ్మెముక క్రిందుగా, గుండెకు మిక్కిలి చేరువగా దూర్చి, త్రిప్పి, క్రుంగిన ఎదను పైకి లేపెను. ఎద క్రొత్తరూపమున కలవడువరకు, సాధారణముగా రెండుమూడేండ్లు, ఆ పట్టీ లోపలనే యుండును.

ఎద అడ్డుకొలతను రొమ్మెముకకు, వెన్నెముకకు నడిమి దూరముచే భాగింపగా వచ్చు హాలర్ సూచిక 3.25 దాటినచో వైద్యులు శస్త్రచికిత్సను గూర్చి యాలోచింతురు. అయినను ఆ ఒక్క అంకె పట్టీ నెచ్చట నిలుపవలెనో, ఎంత వంచవలెనో చెప్పజాలదు. అందులకే సీటీ చిత్రములనుండి ఆ రోగి ఎముకలను, మృదులాస్థులను వేరుచేసి, కంప్యూటరులో వానిని వేలకొలది సూక్ష్మఖండములుగా విభజించి, ఒక్కొక్క ఖండమునకు తగిన బిగువు నాపాదించి, శస్త్రచికిత్సకు ముందే ఊహాపట్టీతో ఆ ఎదను ఎత్తి చూతురు. పట్టీని ఒక ప్రక్కటెముక మేర జరిపినచో బరువెచ్చట పడునో తెరపై రంగులలో గోచరించును.

కాని మిత్రులారా, సీటీ చిత్రమున మృదులాస్థి అంచు కండరములో కలిసి మసకబారును. దాని బిగువు వయసుతో మారును. ఎనిమిదేండ్ల బాలునికి సరిపడు అంకెను పదునెనిమిదేండ్ల యువకునికి వాడినచో, చిత్ర మెంత మనోహరమైనను ఫలిత మసత్యమే. కావున చికిత్స ముగిసిన పిమ్మట నిజముగా లేచిన ఎదను మీరు లెక్కించిన ఎదతో కొలిచి చూడుడు. తేడాను దాచక వ్రాసియుంచుడు. రాబోవు రోగికి అదియే రక్ష.

నేడు విశ్వవిద్యాలయము మీకు పట్టము నిచ్చినది. ఆ బాలుడు జంకు విడిచి, చొక్కా గట్టున పెట్టి, తోడివారితో ఏటిలోనికి దూకిన దినమున మీ గణితమునకు పట్టము లభించును. శుభమస్తు.