డాక్టరు ఇచ్చిన బూటు గుమ్మం దగ్గర విప్పకండి

పొదుపులు, అప్పుల లెక్కలు ఇప్పుడే విన్నారు. మా గ్రామ సంఘం తరఫున మేము కాళ్ల సంగతి ఒకటి చెప్పాలని లేచాం. నవ్వకండి. కాళ్లు ఆగితే మన వాయిదాలూ ఆగుతాయి.

నాట్లప్పుడు గట్టు మీద జారడం, చీలమండ మెలి తిరగడం మనకు కొత్త కాదు. పట్టు వేసుకుని మర్నాడే పనికి పోతాం. కొందరు పుత్తూరు కట్టు అంటూ బస్సెక్కుతారు. నాలుగడుగులు వేయలేకపోయినా, చీలమండకు అటూ ఇటూ ఉన్న ఎముక మీద నొక్కితే నొప్పి పుట్టినా ముందు ఎక్స్‌రే తీయించుకోవాలి. బెణుకో, విరుగుడో చేత్తో తడిమి చెప్పలేం.

ఇదివరకు విరిగితే పిండికట్టే. ఇప్పుడు కొన్ని దెబ్బలకు వాకింగ్ బూటు ఇస్తున్నారు. మోకాలి కింది దాకా గట్టి ప్లాస్టిక్ బద్దలు, లోపల మెత్త, ముందు అంటుకునే పట్టీలు ఉంటాయి. అడుగుభాగం కాస్త గుండ్రంగా ఉండటం వల్ల చీలమండ వంగకుండానే అడుగు పడుతుంది.

మా సంఘంలో ఒక అక్కకు ఎముక చిట్లితే ఆరు వారాలు వేసుకోమన్నారు. ఆమె బయట వేసుకునేది, ఇంటికి రాగానే గుమ్మం దగ్గర విప్పేది. "బూటుతో వంటింట్లోకా, దేవుడి దగ్గరికా?" అని అత్తగారు. ఆవిడనీ అనలేం, చూడటానికి చెప్పులాగే ఉంటుంది కదా. కానీ మన నడకంతా ఇంట్లోనే. పొయ్యి దగ్గర, కుళాయి దగ్గర, పెరట్లో. మూడో వారానికి వాపు ఇంకా పెరిగింది. డాక్టరుగారు ఆరు వారాలూ మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టమన్నారు. మూడు వారాల కూలి అదనంగా పోయింది.

అప్పుడు మేము నలుగురం వెళ్లి, "పిండికట్టయితే గుమ్మం దగ్గర విప్పిస్తావా పిన్నీ?" అని అడిగాం. ఇప్పుడు ఆవిడే తడిగుడ్డతో బూటు అడుగు తుడిచి, పొడిగుడ్డ అద్ది కోడల్ని లోపలికి రానిస్తోంది. గుడ్డసంచి తొడుగుదామన్నారు గానీ, జారి పడుతుందని మేమే వద్దన్నాం.

వేసుకునేటప్పుడు కూర్చుని, పొడవు మేజోడు తొడిగి, మడమ వెనక్కి ఆనాక పట్టీలు కింద నుంచి పైకి బిగించాలి. వేళ్లు నీలంగా మారినా, తిమ్మిరెక్కినా వదులు చేయాలి. అప్పటికీ తగ్గకపోతే ఆస్పత్రికి వెళ్లాలి. రెండో కాలికి ఎత్తు చెప్పు వేసుకోకపోతే నడుం పట్టేస్తుంది. స్నానానికి, నిద్రకు విప్పవచ్చో లేదో డాక్టరుగారినే అడగండి. షుగరున్నవాళ్లకు ఒరుసుకున్నా తెలియదు, రోజూ చర్మం చూసుకోవాలి. పిక్క వాచి నొప్పి పెట్టినా, ఆయాసం వచ్చినా తెల్లారేదాకా ఆగకండి, వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.

ఉపాధి పనిలో దెబ్బ తగిలితే ఉచిత వైద్యం అని 2005 నాటి చట్టంలోనే రాశారు. ఆస్పత్రిలో చేరితే సగం కూలికి తగ్గకుండా రోజు భత్యం కూడా. దెబ్బ తగిలిన రోజే మేటుకు చెప్పి రాయించండి.

ఆ అక్క ఇంటికి నీళ్లు మోయడం వంతులు వేసుకున్నాం. ఈ నెల మీటింగు కూడా వాళ్ల అరుగు మీదే పెట్టాం. కుర్చీలో కూర్చునే వాయిదా కట్టింది.