వంద రూపాయల చాటింపు
(రామన్నపేటలో జరిగిన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈరోజు నన్ను మాట్లాడమన్న విషయం చూసి మీలో కొందరు నవ్వుకున్నారని తెలుసు. ట్రెజరీలో ముప్పై రెండేళ్లు బిల్లులు పాసు చేసినవాడు, బిల్లు మీద అభ్యంతరం రాసి వెనక్కి పంపడమే తెలిసినవాడు, గూగుల్‌లో ప్రకటనలు ఇవ్వడం గురించి ఏం చెబుతాడని. నాకు తెలిసింది లెక్క ఒక్కటే. ఆ లెక్కే ఇక్కడ పనికివచ్చింది. అందుకే ఒప్పుకున్నాను.

మాది సిరిపురం అని మీకు తెలుసు. మా నాయన మగ్గం మీద మేమిద్దరం అన్నదమ్ములం పెరిగాం. నాకు సర్కారు నౌకరీ దొరికింది, తమ్ముడు మగ్గం దగ్గర ఉండిపోయాడు. పోయిన ఏడు తమ్ముని కొడుకు మా ఇంటికి వచ్చి ఒక మాట అడిగాడు. "పెద్దనాయనా, హైదరాబాదులో ఒక ఏజెన్సీ వాళ్లున్నారు. రెండు లక్షలు కడితే మన చీరలు గూగుల్‌లో మొదట కనపడేటట్టు చేస్తరట. నీ గ్రాట్యుటీలకెల్లి ఇయ్యి, ఏడాదిల తిరిగిస్త. కాకపోతే మగ్గాలు అమ్మి నేను హైదరాబాదులో వాచ్‌మెన్ పనికి పోత." ఇంట్లో రెండు మగ్గాలు, అల్మారాలో అమ్ముడుపోని పద్నాలుగు పట్టు ఇక్కత్ చీరలు. అప్పటిదాకా కొనే షావుకారు బాకీ పెట్టి కొంటున్నాడు, ఇచ్చినప్పుడు ఇస్తున్నాడు.

రెండు లక్షలు నేను ఇవ్వలేదు. ఇవ్వలేనని చెప్పడానికి రాత్రంతా నిద్ర పట్టలేదు, అది వేరే సంగతి. పొద్దున లేచి, పన్నెండు వేలు పక్కన పెడుతున్నాను, పోతే పోయినట్టే, ఈ పని మనమే నేర్చుకుందాం అన్నాను. ఏటా లైఫ్ సర్టిఫికెట్టు ఫోనులోనే ఇచ్చుకుంటున్నవాళ్లం, ఇది మాత్రం రాదా అనుకున్నాను.

ముందు ఈ పద్ధతి ఏమిటో చెబుతాను. మన చిన్నప్పుడు ఊళ్లో చాటింపు వేసేవారు. వినేవాడికి అవసరం ఉన్నా లేకున్నా చెవిలో పడేది. సినిమా హాల్లో స్లయిడు, గోడ మీద రాత, పేపర్లో ప్రకటన అన్నీ ఆ జాతివే. వెతుకులాట ప్రకటన దీనికి తలకిందులు. ఇక్కడ కొనేవాడే ముందు అడుగుతాడు. బెంగుళూరులో ఒకామె ఫోనులో "పోచంపల్లి పట్టు చీర" అని కొట్టింది అనుకోండి, ఆ క్షణాన ఆ మాట మీద వేలం జరుగుతుంది. వేలంలో నెగ్గినవాళ్ల ప్రకటనలు కనపడతాయి. ఆమె చూసి ఊరుకుంటే మనకు ఖర్చు లేదు, నొక్కి మన పేజీకి వస్తేనే డబ్బు పోతుంది.

మాటలను వేలం వేసి నొక్కినందుకు డబ్బు తీసుకునే ఈ పద్ధతిని 1998లో అమెరికాలో గోటూ అనే కంపెనీ మొదలుపెట్టింది. గూగుల్ 2000 అక్టోబరులో 350 మంది ప్రకటనదారులతో యాడ్‌వర్డ్స్ అని ఆరంభించింది, 2018లో దాని పేరు గూగుల్ యాడ్స్‌గా మార్చింది. 2002 నుంచి గూగుల్ వేలంలో ఒక మెలిక ఉంది. ఎక్కువ పాట పాడినవాడే గెలవాలని లేదు. ప్రకటన, దాని వెనక ఉన్న పేజీ వెతికినవాళ్ల మాటకు ఎంత సరిపోతున్నాయో కూడా చూస్తారు. పెద్ద దుకాణాల మధ్య చిన్నవాడికి నిలబడే చోటు అదొక్కటే.

ఇక నా తెలివితక్కువతనం. మొదటిసారి రోజుకు 200 రూపాయలు పెట్టి ఇరవై రోజులు నడిపాను. "పోచంపల్లి" అనే మాట, "ఇక్కత్" అనే మాట, రెండే రాశాను. ఊరి పేరు కదా, అందరూ వస్తారనుకున్నాను. అందరూ వచ్చారు. 1951లో వినోబా భావేకు భూదానం ఎవరిచ్చారని వెతికిన విద్యార్థులు వచ్చారు. 2021లో ప్రపంచ పర్యాటక సంస్థ పోచంపల్లిని ఉత్తమ పర్యాటక గ్రామంగా ఎంపిక చేసింది గదా, చూడటానికి బస్సు ఎప్పుడుందని వెతికినవాళ్లు వచ్చారు. ఆసు యంత్రం ధర ఎంతని అడిగినవాళ్లు వచ్చారు. రాత్రి పదకొండు గంటలకు ఒకాయన ఫోను చేసి ప్రింటు చీరలు వెయ్యి కావాలి, ఒక్కొక్కటి మూడు వందలకు ఇస్తావా అన్నాడు. మా తమ్ముడు ఏం మాట్లాడకుండా ఫోను పెట్టేశాడు.

ఖర్చు 3,800. దాని మీద 18 శాతం జీఎస్టీ 684. మొత్తం 4,484 రూపాయలు. అమ్మిన చీరలు సున్నా.

ఇందులో తప్పు పూర్తిగా నాదే. ఇతరుల బిల్లులో ఒక్క కాలమ్ ఖాళీగా ఉంటే వెనక్కి పంపినవాణ్ణి, నా సొంత ఫారంలో ముందే టిక్కు పెట్టి ఉన్న గళ్లను చదవకుండా వదిలేశాను. వెతికేవాళ్లకే కాక ఇతర వెబ్‌సైట్లలోనూ ఆటల యాప్‌లలోనూ ప్రకటన చూపే గడి ఒకటి ఉంటుంది, దాన్ని తీసేయాలి. భాగస్వామి సైట్ల గడి ఇంకొకటి, అదీ తీసేయాలి. ప్రాంతం దగ్గర "ఆ ఊళ్లో ఉన్నవారు, లేదా ఆ ఊరి మీద ఆసక్తి ఉన్నవారు" అని ఉంటుంది. ఆసక్తి మనకెందుకు, ఉన్నవారు చాలు. ఈ మూడూ చూసుకుంటే చిన్న బడ్జెటుకు సగం కంత పూడినట్టే.

నెలరోజులు ఆపేశాను. ఆ నెలలో ఇద్దరం కూర్చుని చేసిన పనులు రెండు. ఒకటి, గూగుల్ మ్యాపులో మా తమ్ముడి ఇంటిని ఉచితంగా నమోదు చేయించి మగ్గం ఫోటోలు, ఫోను నంబరు పెట్టాం. డబ్బు పెట్టకముందే చేయాల్సిన పని ఇది, నేను తర్వాత చేశాను. అడ్రసులో జిల్లా దగ్గర నల్లగొండ అని రాసి కొట్టేసి యాదాద్రి భువనగిరి అని దిద్దాను; 2016 నుంచి మారినా చేతికి ఇంకా అలవాటు కాలేదు. రెండోది, నా మనుమరాలు చిన్న వెబ్‌సైటు చేసిపెట్టింది. ప్రతి చీరకూ పగటి వెలుగులో తీసిన ఫోటో, ధర, సిల్క్ మార్క్ చీటీ ఫోటో, తమ్ముని కొడుకు వాట్సాప్ నంబరు. అంతే.

అప్పుడు లెక్క మొదలుపెట్టాను. దయచేసి ఇది కాస్త నిదానంగా వినండి. చీర ధర 9,000 అనుకోండి. పట్టు, రంగులు, చిటికి కట్టిన కూలి, నేత కూలి, కొరియరు తీసేస్తే మిగిలేది 1,300. చాలామంది ఇంటివాళ్ల కూలి లెక్కలోనే వేయరు, అదంతా లాభమే అనుకుంటారు. తమ్ముడి కూలి ముందు తీసి పక్కన పెట్టాలని నేను పట్టుబట్టాను. అన్నగా నాకు అదొక్కటే షరతు. మిగిలిన 1,300లోనే ప్రకటన ఖర్చు ఇమడాలి. వంద మంది నొక్కితే ఒక్కరు కొన్నా నష్టం రాకుండా ఉండాలంటే పన్నుతో కలిపి నొక్కుకు 13 రూపాయలు దాటకూడదు. అందుకని పన్ను కాకుండా 10 రూపాయలు దాటవద్దని హద్దు పెట్టాను. ఆ హద్దు పెట్టుకునే గడి కూడా అందులో ఉంది.

రోజుకు 200 కాదు, 100 రూపాయలు. ఇక్కడ ఒక హెచ్చరిక. రోజుకు వంద అంటే కచ్చితంగా వంద కాదు. ఒకనాడు రెండింతల దాకా ఖర్చు పెట్టవచ్చు, ఇంకోనాడు తగ్గిస్తుంది. నెల మొత్తానికి మాత్రం రోజు బడ్జెటుకు 30.4 రెట్లు, అంటే మనకు 3,040 దాటదు. ఇది తెలియక 190 పోయిన రోజున మావాడు గాభరాపడి నాకు మూడుసార్లు ఫోను చేశాడు.

మాటలు మార్చాం. ఒంటి మాటలు తీసేసి, కొనే ఉద్దేశం కనపడే మాటలే తీసుకున్నాం: "పోచంపల్లి పట్టు చీర ధర", "డబుల్ ఇక్కత్ పట్టు చీర కొనుగోలు", "నేతగాళ్ల దగ్గర ఇక్కత్ చీరలు". ఇలాంటివి పన్నెండు, ఎక్కువ ఇంగ్లీషులో, కొన్ని తెలుగులో. వెతికేవాళ్లు తక్కువే, కానీ వచ్చినవాళ్లు చీర కోసమే వస్తారు. ఊరకే రాస్తే గూగుల్ ఆ మాటకు దగ్గరగా తోచిన వేటికైనా ప్రకటన చూపిస్తుంది, దాన్ని బ్రాడ్ మ్యాచ్ అంటారు. కొటేషన్ గుర్తుల మధ్య రాస్తే ఆ అర్థం ఉన్నవాటికే, చదరపు బ్రాకెట్లలో రాస్తే దాదాపు అదే మాటకు. కొత్తవాళ్లు ఈ చివరి రెండింటితోనే ఉండాలని నా అభిప్రాయం.

ఇంకో జాబితా ఉంది, దానికి నెగటివ్ కీవర్డులని పేరు. ఈ మాట ఉంటే నా ప్రకటన చూపవద్దు అని చెప్పుకోవడం. నాకు చాలా నచ్చిన భాగం ఇదే, పాత అభ్యంతరాల రిజిస్టరు మళ్లీ చేతికి వచ్చినట్టయింది. భూదాన్, వినోబా, మ్యూజియం, బస్సు, హోటల్, ఉద్యోగాలు, ప్రాజెక్టు, ప్రింటెడ్, హోల్‌సేల్, ఉచితం, యంత్రం, బ్యాగులు. ఏకవచనం, బహువచనం రెండూ రాయాలి. జనం ఏ మాట కొట్టి మన దగ్గరికి వచ్చారో చూపే పట్టిక ఉంటుంది. అన్నీ చూపదు, కొన్ని దాచుకుంటుంది. ప్రతి ఆదివారం దాన్ని చూసి అక్కరలేనివి ఈ జాబితాలో చేర్చాను. మొదటి ఆదివారం ఇరవై ఆరు మాటలు కొట్టేశాను, నెలాఖరుకు రెండో మూడో మిగిలాయి.

ప్రకటనలోనే ధర రాసేశాం: "చేనేత డబుల్ ఇక్కత్ పట్టు, 9,000 నుంచి". ధర చూసి జనం పారిపోతారని మావాడు భయపడ్డాడు. పారిపోనీ అన్నాను. మూడు వందల చీర కావలసినవాడు నొక్కకుండా పోతే మనకు ఎనిమిది రూపాయలు మిగిలినట్టే. పోచంపల్లి ఇక్కత్‌కు 2005 నుంచి భౌగోళిక గుర్తింపు ఉన్నా, ఆ పేరు తగిలించి ప్రింటు బట్ట అమ్మేవాళ్లు వేలంలో మన పక్కనే ఉంటారు. వాళ్లతో పాటలో పోటీపడలేం. ధర, చేనేత, సిల్క్ మార్క్ అని స్పష్టంగా రాసుకుంటే మన గిరాకీ వేరు, వాళ్ల గిరాకీ వేరు.

ఊళ్లు రెండే, హైదరాబాదు, బెంగుళూరు. వేళ పొద్దున పది నుంచి రాత్రి ఎనిమిది వరకే. ఫోను ఎత్తే మనిషి లేని వేళ ప్రకటన నడపడం, తాళం వేసిన దుకాణానికి బోర్డు లైటు వేసినట్టు.

ఆ నెల ఖర్చు 2,960, పన్నుతో 3,492 రూపాయల 80 పైసలు. 370 మంది నొక్కారు, నొక్కుకు సరిగ్గా 8 రూపాయలు. అయిదు చీరలు పోయాయి. చీరకు ప్రకటన ఖర్చు సుమారు 699, కూలి పోగా ఇంకో ఆరు వందలు మిగిలాయి. తర్వాతి నెల దాదాపు అదే ఖర్చు మీద ఏడు పోయాయి. అందులో రెండు ముందు కొన్నామె చెల్లెళ్లు తీసుకున్నవి, వాటికి ప్రకటన ఖర్చే లేదు. దాంతో మొదటి 4,484 కూడా తీరి నాలుగు వేల పైచిలుకు మిగిలింది. ఇవి మా లెక్కలు మాత్రమే. మీ పచ్చళ్ల వ్యాపారానికో, మీ అల్లుడి డ్రైవింగ్ స్కూలుకో నొక్కుకు రెండు రూపాయలే పడవచ్చు, నలభై పడవచ్చు. సరుకు మీద ఇరవై రూపాయలే మిగిలే వ్యాపారమైతే అసలు దీని జోలికి పోవద్దనే చెబుతాను.

పెన్షనర్లుగా మనం జాగ్రత్తపడాల్సింది ఒకటుంది. పెన్షన్ పడే ఖాతాను, ఆ ఖాతా కార్డును దీనికి తగిలించవద్దు. ముందుగా కొంత డబ్బు కట్టి, అయిపోతే ఆగిపోయే పద్ధతి ఉంది, యూపీఐతో కట్టవచ్చు. నేను వేరే పొదుపు ఖాతా తెరిచి అందులో పన్నెండు వేలే వేశాను. గూగుల్ నుంచి మాట్లాడుతున్నామని ఫోను చేసి ఓటీపీ అడిగినా, మొదటి స్థానం గ్యారంటీ అన్నా పెట్టేయండి. ప్రతి వెతుకులాటకూ వేలం కొత్తగా జరుగుతుంటే మొదటి స్థానానికి ఎవడు గ్యారంటీ ఇస్తాడు? ఖాతా తెరవగానే బడ్జెటు పెంచండి, ఇంకా మాటలు చేర్చండి అని సలహాలు వస్తూ ఉంటాయి. పెంచమనడం వాళ్ల వ్యాపారం, మన లెక్క చూసుకోవడం మన పని.

ప్రస్తుతం ప్రకటన ఆపి ఉంచాం. అల్మారాలో రెండే చీరలున్నాయి, అమ్మడానికి సరుకు లేనప్పుడు నొక్కులు కొని ఏం చేస్తాం. ఒక మగ్గం మీద కొత్త వార్పు ఎక్కింది. రెండో మగ్గం దగ్గర కూర్చున్నది తమ్ముని కొడుకే. వాచ్‌మెన్ పని మాట మళ్లీ ఎత్తలేదు, నేనూ అడగలేదు. నా లెడ్జరు వెంట తెచ్చాను, మాటల జాబితా చివరి పేజీల్లో ఉంది. టీ తర్వాత చూడాలనుకున్నవాళ్లు కిటికీ దగ్గర బల్ల దగ్గరికి రండి, కళ్లద్దాలు మరిచిపోకండి, అక్షరాలు చిన్నవి.