సూర్యుని తుపాను

(ఒక పఠనమందిరమున గావించిన యుపన్యాసము)



సూర్యుడు మనము నిత్యము నమస్కరించు ప్రత్యక్షదైవము. ఆతనికి ఉగ్రరూపమును గలదు. సూర్యబింబముపై నప్పుడప్పుడు ప్రచండమైన విస్ఫోటములు కలుగును. అట్టి వేళ ప్రోటానులను సూక్ష్మకణములు మహావేగమున వెదజల్లబడును. సూర్యకాంతి మనకు 8 నిమిషములలో చేరుచుండగా, ఈ కణములలో మిక్కిలి వేగము గలవి గంటలోపుననే భూమి దాపునకు రాగలవు. అయినను మనకు భయము లేదు. భూమి యయస్కాంత శక్తియు, వాయుమండలమును రెండు కోటగోడలై మనలను గాచుచున్నవి. ఆ కోట దాటి చంద్రునివైపు పోవు వ్యోమగామికి నౌక గోడయే దిక్కు. నౌక వెడలినచో ధరించిన దుస్తులే దిక్కు.

1972వ సంవత్సరపు వృత్తాంతమును వినుడు. ఏప్రిల్ నెలలో అపోలో 16 యాత్రికులు చంద్రునిపై దిగి తిరిగి వచ్చిరి. డిసెంబరులో అపోలో 17 యాత్రికులు వెడలిరి. ఈ రెండు యాత్రల నడుమ, ఆగస్టు 4వ తేదీన, సూర్యునినుండి ఘోరమైన కణవర్షము కురిసెను. ఆనాడు చంద్రతలమున నడచుచున్నవా డుండినచో వాంతులతోడను, నీరసముతోడను తీవ్రమైన వ్యాధి పాలగుట తథ్యమనియు, ప్రాణాపాయము సైతము కలుగవచ్చుననియు శాస్త్రజ్ఞులు పిదప లెక్క గట్టిరి. మఱి వారిని గాచిన దేమి? ప్రయాణపు తేదీలు మాత్రమే! అదృష్టమును రక్షణ యని చెప్పుకొనుట తగదు.

చంద్రయానము నేడు మరల ఆరంభమైనది గావున ఈ పాఠమును మఱువరాదు. ఓరియను నౌకలో తుపాను వేళ యాత్రికులు నడిమి సామాను అరలలో దూరి, తమ సామగ్రినే చుట్టును పేర్చుకొను నేర్పాటు గలదు. నీరు, ప్లాస్టికు మొదలగు ఉదజని గల పదార్థములు, బరువునకు బరువుగా జూచిన, లోహముకంటె ప్రోటానులను చక్కగా నాపును. 2022లో మనుష్యులు లేకుండ పోయిన ఆర్టెమిస్ 1 నౌకలో స్త్రీ దేహమును బోలిన రెండు బొమ్మలను కూర్చుండబెట్టి, ఒకదానికి మాత్రము కవచము తొడిగి, సోకిన కిరణములను కొలిచిరి.

కవచముతోపాటు కావలియు వలయును. మన శ్రీహరికోటనుండి 2023 సెప్టెంబరు 2న బయలుదేరిన ఆదిత్య-ఎల్1, 2024 జనవరి 6న భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరమున తన కక్ష్యను చేరెను. సూర్యుని కనిపెట్టుటయే దాని పని. అయినను విస్ఫోటము ఏ గంటకు పుట్టునో ముందుగా నిశ్చయించి చెప్పు విద్య యింకను మనకు పట్టువడలేదు.

తుపాను గుర్తు ఎగురవేసినపిదప పడవను సముద్రముపైకి తోయువానిని మన తీరవాసులు ధీరుడనరు. ఆ నీతియే ఆకాశయానమునకును వర్తించును. ఘనతకొఱకు తొందరపడి ముహూర్తము పెట్టుట మాని, ఆశ్రయమును కావలిని సమకూర్చినపిదపనే మనుష్యులను పంపవలయును. ధైర్యము వెళ్లువానిది, జాగ్రత్త పంపువారిది.