కష్టములకు క్రుంగని బాల్యము
(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



బాలుర విద్యాభివృద్ధిని గూర్చి ప్రసంగింపుమని ఆహ్వానసంఘమువారు మమ్ము కోరిరి. అందులకు తగిన విషయముగా అమెరికాదేశపు ఆచార్యుడు నార్మన్ గార్మెజీ గారి కృషిని మీకు విన్నవింప దలచితిమి. కష్టములలో పుట్టి పెరిగిన బిడ్డలలో కొందరు చెడిపోవుచుండగా మరికొందరు వృద్ధిలోనికి వచ్చుటకు కారణమేమి? ఆయన జీవితములో అధికభాగము ఈ ప్రశ్నకే ధారపోసిరి.

గార్మెజీ గారు 1918లో న్యూయార్కు నగరమున జనించిరి. రెండవ ప్రపంచ సంగ్రామకాలమున సైన్యమునందు పనిచేసి, 1950లో అయోవా విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టమును పడసిరి. డ్యూక్ విశ్వవిద్యాలయమున కొంతకాలము బోధించి, 1961లో మిన్నెసోటా విశ్వవిద్యాలయమునకు వచ్చి, 1989లో విశ్రాంతి గైకొనువరకు అచటనే చికిత్సా మనశ్శాస్త్రాచార్యులుగా నుండిరి. 2009లో కీర్తిశేషులైరి.

తొలుత ఆయన స్కిజోఫ్రీనియా అను ఘోరమైన మనోవ్యాధిని పరిశోధించిరి. ఆ రోగులందరి గతియు ఒక్కటి కాదు. వ్యాధికి పూర్వము ఉద్యోగమును, స్నేహమును, సంసారమును చక్కగా నడపుకొన్నవారు కోలుకొనుటకు ఎక్కువ అవకాశము గలదు. కనుక రోగి నేటి స్థితిని మాత్రము చూచిన చాలదు. బాల్యమునుండి అతడు నడచివచ్చిన త్రోవనుగూడ చూడవలెను. మనస్సు సవ్యముగా పెరుగుటను, దారితప్పుటను ఒక్కచోటనే పరిశీలించు ఈ శాస్త్రమునకు వికాసాత్మక మనోవ్యాధిశాస్త్రమని పేరు పెట్టవచ్చును. దీనికి పునాదులు వేసినవారిలో ఆయన యొకరు.

పిమ్మట ఆయన దృష్టి రోగుల సంతానముపై నిలిచెను. తల్లిదండ్రులలో నొకరికి ఈ వ్యాధి యున్నచో బిడ్డలలో నూటికి సుమారు 10 మందికి అది రావచ్చునని శాస్త్రజ్ఞుల అంచనా. తక్కిన 90 మంది సంగతి యేమి? వారిని నిలిపిన దేమి?

ఆయన చెప్పుచు వచ్చిన యొక ఉదంతము కలదు. తొమ్మిదేండ్ల బాలుడొకడు, తల్లి త్రాగుడునకు లోబడినది, తండ్రి యింట లేడు. వాడు ప్రతిదినము రెండు రొట్టెముక్కలను, నడుమ నేమియు లేకయే, ఒకదానిపై నొకటి పేర్చుకొని బడికి తెచ్చెడివాడు. తల్లి లోపము పరులకు తెలియరాదని, తన్ను చూచి ఎవరును జాలిపడరాదని వాని పట్టుదల.

ఇట్టి బిడ్డల నెరుగుటకై గార్మెజీ గారును సహచరులును మినియాపొలిస్ నగరమున 205 మంది బడిపిల్లలను ఎంచుకొని పరిశీలించిరి. ఆ పిల్లలు పెద్దవారైన పిదపను ఆయన శిష్యురాలు ఆన్ మాస్టెన్ మున్నగువారు ఆ పనిని కొనసాగించిరి. బిడ్డను నిలుపునవి మూడని గార్మెజీ గారు తేల్చిరి: బిడ్డ స్వభావము, ఇంటి ఆప్యాయత, ఇంటివెలుపల ఉపాధ్యాయుని వంటి యొక ఆదరువు. ఇవి యన్నియు సామాన్యములే యని మాస్టెన్ గారు 2001లో వ్రాసిరి. ఇట్టి బిడ్డలను గార్మెజీ గారు మొదట అభేద్యులనిరి. తరువాత ఆ మాట సరికాదని, క్రుంగియు మరల లేచు శక్తియే ముఖ్యమని చెప్పిరి. ఆ బిడ్డలకును నొప్పి కలదు.

మహాశయులారా! సంబంధము వెదకునప్పుడు "ఆ యింట పిచ్చి యున్నది" అని గుసగుసలాడి, ఏ పాపము నెరుగని పిల్లను ఏండ్లతరబడి ఇంట కూర్చుండబెట్టుట మనలో లేదా? ఆ భయముచేతనే రోగిని వైద్యునికి చూపక గదిలో దాచుట లేదా? వంశమును చూచి బిడ్డకు తీర్పు చెప్పుట అన్యాయమని పై లెక్కలే చాటుచున్నవి.

పోషకులకు మా విన్నపము ఒక్కటి. మీ దాతృత్వమున వసతిగృహములు వెలసినవి, విద్యార్థివేతనములు లభించుచున్నవి. ఇంట దిక్కులేని ప్రతి బిడ్డకును, పేరుపెట్టి పిలిచి, భోజనము చేసితివా యని అడిగి, సెలవులలోనైనను యోగక్షేమము విచారించు పెద్ద నొకరిని నియమింపుడు. ఇందులకు ధనముకన్న తీరిక ఎక్కువ కావలెను. మార్కులు తగ్గిన బాలుని వెడలగొట్టుటకు ముందు వాని యింటిసంగతి అడిగి తెలిసికొనుడు.