యుద్ధకాలపు పని, సమాన వేతనం: స్నాతకోత్సవ ప్రసంగం

 

మొదటి ప్రపంచయుద్ధంలో మందుగుండు కర్మాగారాలలో పనిచేసినందుకు బ్రిటన్ స్త్రీలకు బహుమానంగా 1918లో ఓటు దక్కిందనే వాక్యం, చరిత్ర బోధనలో తల నెరిసిన వక్తకు ప్రతి ఏటా జవాబుపత్రాలలో ఎదురైనదే. స్త్రీలకు ఓటు కోరిన 1866 నాటి అర్జీ నుంచి సాగిన ఉద్యమాన్ని ఆ వాక్యం మింగేస్తుంది. పైగా 1918 నాటి చట్టం 30 ఏళ్లు నిండి, తమకో భర్తకో ఆస్తి అర్హత ఉన్న స్త్రీలకే ఓటు ఇచ్చింది గనుక, టీఎన్‌టీ అనే పేలుడు పదార్థం వల్ల ఒళ్లు పసుపుబారి ‘కెనరీలు’ అనిపించుకున్న యువ కార్మికురాళ్లలో చాలామందికి అది అందలేదు. పురుషులతో సమానంగా 21 ఏళ్లకే ఓటు 1928లో గాని రాలేదు.

ఓటు కన్నా లోతైన తగాదా కూలి దగ్గర ఉంది. నిపుణుడు ఒక్కడే చేసే పనిని ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్కను కొత్తవారికి అప్పగించే పద్ధతిని ‘డైల్యూషన్’ అన్నారు. నిపుణుడి పని పూర్తిగా చేసే స్త్రీకి అతని కూలే ఇవ్వాలని 1915లో ప్రభుత్వం చెప్పినా, యంత్రం సర్దడానికి మగమనిషి వస్తున్నాడు గనుక అది ‘పూర్తి’ పని కాదని యజమానులు తప్పుకున్నారు, ఎంత తెలివి! 1918 ఆగస్టులో, మగవారికి వారానికి 5 షిల్లింగుల బోనస్ ఇచ్చి తమకు ఇవ్వలేదని లండన్ బస్సుల మహిళా కండక్టర్లు సమ్మె చేసి సాధించుకున్నారు గాని, యుద్ధం ముగిశాక 1919లో వచ్చిన ‘యుద్ధపూర్వ పద్ధతుల పునరుద్ధరణ’ చట్టం పరిశ్రమలలో స్త్రీలు చేరిన పనులను తిరిగి మగవారికి అప్పగించే దారి వేసింది.

స్త్రీల పనిని తక్కువ చేసి చూపే యజమానుల యుక్తి యుద్ధంతో పోలేదు. 1968లో బ్రిటన్‌లోని డాగెనమ్‌లో ఉన్న ఫోర్డ్ కర్మాగారంలో కారు సీట్ల తొడుగులు కుట్టే స్త్రీలు, తమ పనిని తక్కువ నైపుణ్యం గలదిగా లెక్కగట్టినందుకు సమ్మెకు దిగారు. ఆ సమ్మె 1970 నాటి సమాన వేతన చట్టానికి ఊతమిచ్చింది, వారికి మాత్రం నిపుణుల శ్రేణి 1984లో గాని దక్కలేదు. భారతదేశపు 1976 నాటి సమాన వేతన చట్టం ‘ఒకే పని’తో ఆగక ‘పోలిన స్వభావం గల పని’ అని కూడా అన్నది ఇలాంటి సందు మూయడానికే పనికివచ్చింది.

ఏ చట్టమైనా పనికివచ్చేది తమ పనిని ఎలా లెక్కగట్టారో చదివి చూసుకున్నవారికే, కాని సెల్‌ఫోను కొనేముందు పది సమీక్షలు చదివే బిడ్డలు నియామకపత్రం మీద మాత్రం చదవకుండానే సంతకం చేస్తారు. హోదా పేరు చూసి మురిసిపోక, దాని కింద రాసిన పనులను, జీతాన్ని పక్క కుర్చీలోని వారి వాటితో పోల్చి చూసుకోవాలని, తేడా ఉంటే ఎందుకని అడగాలని, ఆ అడగటంలో అబ్బాయిలు కూడా గొంతు కలపాలని పట్టభద్రులకు మనవి.