ఎత్తునకు తగిన బరువు



విద్యానిధిని గూర్చియు, విద్యార్థి వసతిగృహమును గూర్చియు చర్చించుటకు సమావేశమైన ఈ సభలో మేము శరీరపు బరువును గూర్చి ప్రసంగింప నిలుచుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని సంఘమనగా వ్యక్తుల సముదాయమే గదా! వ్యక్తికి దేహమే మూలధనము. మన యిండ్లలో పొట్ట పెరిగిన పురుషుని జూచి కలిగినవాడని మెచ్చుకొందుము. చిక్కి శల్యమైన కోడలిని జూచి నాజూకని సరిపెట్టుకొందుము. ఈ రెండు తీర్పులును కంటితో చేసినవే గాని కొలతతో చేసినవి కావు. కావున కొలుచు విధమును మనవి చేసెదము.

పెరుగుదల ముగిసినవారి బరువు ఎత్తుయొక్క వర్గమునుబట్టి మారుచుండునని బెల్జియము దేశపు గణితజ్ఞుడు కెట్లే 1832 ప్రాంతమున గుర్తించెను. 1972 లో ఆన్సెల్ కీస్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు ఈ లెక్కకు 'బాడీ మాస్ ఇండెక్సు' అని పేరిడెను. కిలోల బరువును, మీటర్లలో చెప్పిన ఎత్తుచే రెండుమారులు భాగింపగా వచ్చు సంఖ్యయే ఇది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 18.5 మొదలు 24.9 వరకు తగిన బరువని చెప్పుచున్నది. మన దేశపు వైద్యనిపుణులు 2009 లో ప్రకటించిన నిర్ణయము ప్రకారము భారతీయులకు 22.9 వరకే తగినది. 23 మొదలు అధికము. 25 మొదలు స్థూలకాయము.

ఈ భేదమేల యని అడుగవచ్చును. పూనా వైద్యుడు యాజ్ఞిక్, లండను వైద్యుడు యుడ్కిన్ తమ దేహముల కొలతలనే 2004 లో ప్రకటించిరి. ఇరువురికిని ఆ సంఖ్య 22.3 యే. కాని యుడ్కిన్ దేహమున కొవ్వు నూటికి 9.1 పాళ్లు, యాజ్ఞిక్ దేహమున 21.2 పాళ్లు. అదే సంఖ్యకు మన దేశీయులలో కండ తక్కువగను, కొవ్వు ఎక్కువగను ఉండుట సామాన్యము. ఆ కొవ్వు కడుపున చేరెనా, మధుమేహమునకును గుండెజబ్బునకును దారి తీయును.

ఉదాహరణకు 170 సెంటీమీటర్ల పురుషునకు 53.5 మొదలు 66 కిలోల వరకును, 152 సెంటీమీటర్ల స్త్రీకి 43 మొదలు 53 కిలోల వరకును తగిన బరువు. ఎత్తులోనుండి నూరు తీసివేయుట యను పాత లెక్క ఆ పురుషునకు 70 కిలోలు చూపును. అది మనకు హెచ్చు.

స్త్రీ దేహమున ప్రకృతిసిద్ధముగనే కొవ్వు పాలు హెచ్చు, కండ పాలు తక్కువ. పై సంఖ్య ఇరువురికి నొక్కటియే అయినను నడుము కొలతలో భేదము కలదు. కడపటి ప్రక్కటెముకకును తుంటి యెముకకును నడుమ, ఊపిరి విడిచిన పిమ్మట, టేపుతో చుట్టి చూడవలెను. పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించరాదు. బరువు సరిగా నున్నను నడుము మించినచో వైద్యుని చూడవలెను. బాలురకును, గర్భిణులకును, వ్యాయామముచే కండ పెంచినవారికిని ఈ లెక్క చెల్లదు.

18.5 కు తక్కువైనను క్షేమము గాదు. ఇంటిల్లిపాదికి వడ్డించి కడపట మిగిలినది తిను ఇల్లాలి బరువు నడుగువా రెవరు? పెండ్లిచూపులలో లావని యెవరో అన్నంతనే పస్తులుండు కన్యకు ధైర్యము చెప్పువా రెవరు? ఆమెకు ముందు కొలత కావలెను. పిమ్మట, అవసరమైనచో, క్రమమైన ఆహారమును నడకయు కావలెను. ఉపవాసము మార్గము గాదు.

పోషక మహాశయులకు మా విన్నపము చిన్నది. వసతిగృహమున ఒక త్రాసును, గోడపై ఎత్తు కొలబద్దను, ఒక టేపును అమర్పుడు. వచ్చు వార్షికసభకు వచ్చినవారు భోజనశాలకు పోవుటకు ముందు వాని యొద్ద నిలుచుటకు ఏర్పాటు చేయుడు. స్త్రీలకు వేరుగ, గోప్యముగ కొలిచెదరు గాక. ఒకరి సంఖ్య నింకొకరు పరిహసింపకుందురు గాక. సంఘము తన విద్యానిధిని ఏటేట లెక్కించుకొనునట్లే, మన దేహములనుగూడ లెక్కించుకొందము.