సాంబమసూరికి కొత్త బలము

శ్రోతలలో పలువురి పళ్ళెములలో నేటి రాత్రి వడ్డింపబోవు అన్నమును గురించియే నాలుగు మాటలు చెప్పదలచితిని. సాంబమసూరి బియ్యము నెరుగని తెలుగు గృహము అరుదు. రైతులు దీనినే బీపీటీ 5204 అని వ్యవహరింతురు. బాపట్ల పరిశోధన స్థానమున రూపొంది, 1986లో విడుదలయైన వంగడమిది. గింజ సన్నము, అన్నము మృదువు, అంగడిలో ధర మెండు. అందుచే తినువారికిని, పండించువారికిని ప్రీతిపాత్రమయ్యెను.

అయితే ఇన్ని గుణములు గల ఈ పైరునకు ఒక లోపము కలదు. బాక్టీరియా ఎండాకు తెగులునకు ఇది సులభముగా లొంగిపోవును. గాలివానలకు చీలిన ఆకులగుండ సూక్ష్మజీవి లోనికి చొచ్చును. ఆకుల అంచులు పసుపువన్నెకు తిరిగి, పిమ్మట గడ్డివలె ఎండును. ఆకు ఎండినచో గింజ నిండదు. సోకిన పిదప ఈ తెగులును నమ్మకముగా అరికట్టు మందు లేదు. అప్పుచేసి సేద్యము చేసిన రైతు, వెన్నులు తాలుగా మారుటను నిస్సహాయుడై చూడవలసినదే.

తెగులును తట్టుకొను వరిరకములు లేకపోలేదు. వానితో సంకరము చేసినచో బలము వచ్చును గాని, సన్నదనమును, రుచియు పోవచ్చును. అప్పుడు పైరు నిలిచినను బియ్యము కొనువారుండరు. ఉన్న గుణము చెడకుండ లేని గుణమును చేర్చుట ఎట్లు?

హైదరాబాదునందలి రెండు సంస్థలు ఇందుకై చేయి కలిపినవి. ఒకటి సీసీఎంబీ యని ప్రసిద్ధమైన కణ, అణు జీవశాస్త్ర కేంద్రము. రెండవది నేడు భారతీయ వరి పరిశోధన సంస్థగా పిలువబడునది. తెగులు నెదిరించు మూడు జన్యువులను శాస్త్రజ్ఞులు ఎన్నుకొనిరి. వానిలో ఒకటి తొలుత ఆఫ్రికాలోని మాలి దేశపు అడవివరినుండి లభించినది. ఈ మూడును గల వరిని సాంబమసూరితో సంకరము చేసి, పుట్టిన మొక్కలను మరల మరల సాంబమసూరితోనే కలిపిరి. ప్రతి తరమునను ఆకులోని డీఎన్‌ఏను పరీక్షించి, ఆ జన్యువులు గల మొక్కలనే నిలిపిరి. ప్రయోగశాలలో జన్యువును చొప్పించి చేసిన పంట కాదిది. మన పెద్దలెరిగిన సంకరవిద్యయే. ఏ మొక్కను ఉంచవలెనో, దేనిని విడువవలెనో తెలుపుటకు మాత్రము కొత్త పరీక్ష తోడయ్యెను. ఇట్లు రూపొందిన మెరుగుపరచిన సాంబమసూరి 2008లో అధికారికముగా ప్రకటితమయ్యెను.

తరువాత పోషకాహార శాస్త్రజ్ఞులు ఈ బియ్యమును పరీక్షింపగా, దీని గ్లైసీమిక్ సూచిక సుమారు 51 అని తేలెను. 55కు మించనిచో తక్కువ సూచికగా లెక్కింతురు. అనగా భోజనానంతరము రక్తమునందలి చక్కెర ఒక్కసారిగా గాక మెల్లగా పెరుగును. మధుమేహము వ్యాపించిన మన గృహములకు ఇది మంచి మాట. కాని బియ్యము ఔషధము కాదు. మితము తప్పినచో ఏ అన్నమైనను చేటు చేయును. దీనిని నమ్మి వైద్యుడిచ్చిన మందు మానరాదు.

పాత సాంబమసూరిని, కొత్తదానిని ప్రక్కప్రక్కన పోసిన, గింజను చూచి వేరుచేయజాలము. అదియే శాస్త్రజ్ఞుల విజయము. కొనువారికి చిక్కును అదియే. కావున రైతులు నమ్మకమైన చోటనే విత్తనము కొనవలెను. గృహిణులు అంగడిలో సన్నబియ్యమని మాత్రమే గాక, ఏ వంగడమని కూడ అడుగవలెను. అడుగువారున్ననే అమ్మువారు వేరుగా నిలువ చేయుదురు. లేనిచో ఇన్నేండ్ల కృషి ఒకే బస్తాలో కలిసిపోవును.